నాలుగు పలకల కవచం, నల్ల వినైల్ సూటు: ప్రాజెక్టు డైరీ

జూలై, బోనాల వారం

ఛాతీ పలక, వీపు పలక అంటించడం పూర్తయింది. గమ్ము వాసన పోయేదాకా డాబా మీద దండేనికి వేలాడదీశాను. పక్క డాబా మీద వడియాలు తీస్తున్న పిన్నిగారు చూసి "ఏమిటమ్మా అది?" అన్నారు. కవచమని చెప్పాను. "ఎవరి మీదకు యుద్ధానికి?" అన్నారు వెంటనే. ఎవరి మీదకూ కాదు, కామిక్ కాన్‌లో, అంటే కామిక్స్, సినిమాల అభిమానులు వేషాలు వేసుకుని చేరే వేడుకలో, ఒక పూట తొడుక్కుని తిరగడానికి అని చెబితే ఆవిడ నవ్విన తీరులో సానుభూతే ఎక్కువ కనిపించింది.

ఈ వేషం ఏ సినిమాలోదీ కాదు, ఏ వీడియో గేమ్‌లోదీ కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ చూసినప్పటి నుంచి బుర్రలో తిరుగుతున్న ఊహ ఇది: రాబోయే కాలంలో గోల్కొండకు కాపలా కాసే సిపాయి ఏం తొడుక్కుంటాడు? ఆకారానికి మాత్రం పాత పద్ధతినే పట్టుకున్నాను. పర్షియా నుంచి వచ్చి మొగలుల దగ్గరా, దక్కన్‌లోనూ వాడుకలో నిలిచిన చార్ ఆయినా అనే కవచానికి ప్రధానంగా నాలుగే పలకలు. ఛాతీకి ఒకటి, వీపుకు ఒకటి, చంకల కింద చెరొకటి. పక్క పలకల పై అంచును చెయ్యి ఆడడానికి వీలుగా నెలవంకలా కోస్తారు. నాలుగింటినీ పట్టీలు, బకిల్సుతో కలుపుతారు. వాటి కింద ఇనుప కడియాలు అల్లిన చొక్కా ఉంటుంది. ఆ ఏర్పాటులోని తెలివి ఏమిటంటే, పలకలు కప్పేది వంగని చోట్లను మాత్రమే. వంగే చోట్లన్నీ కింది చొక్కా చూసుకుంటుంది.

నా సిపాయికి ఇనుప కడియాల చొక్కా బదులు నల్ల వినైల్ సూటు. వినైల్ అంటే పీవీసీ పూత వేసిన బట్ట, దుకాణాల్లో రెక్సిన్ అనేది. ఇంటర్నెట్‌లో ఇలాంటి కవచాలు చేసేవాళ్ళ ఫోటోలు చూస్తే పలకల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా లోపలి సూటు మీద కనిపించదు. పలకలు తళతళలాడుతుంటాయి, మోచేతి మడతలో మాత్రం కొనుక్కున్న లెగ్గింగ్ ముక్క ముడతలు పడి ఉంటుంది. అందుకే ఈ డైరీలో పలకల సంగతి త్వరగా ముగించి, సూటు దగ్గర ఎక్కువ సేపు నిలబడతాను.

పలకలకు ఈవీఏ ఫోము షీట్లు తెచ్చాను. చెప్పుల అట్టలకు, పిల్లల ఆట గదుల్లో పరిచే రంగురంగుల చాపలకు వాడే సరుకే. ఛాతీకి, వీపుకు 10 మిల్లీమీటర్ల మందం, భుజాలకు, ముంజేతులకు 6, పైన నగిషీకి 2. నేను తెచ్చిన షీటు సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 100 కిలోలు. అంటే 10 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు కిలో తూగుతుంది. ఒంటి నిండా కవచం చేసినా రెండు కిలోలు దాటే పని లేదు.

కోతకు బ్లేడు నిటారుగా పట్టుకుని ఒకే గీత మీద రెండు మూడు సార్లు నడపాలి. ఒక్క దెబ్బకు తెగాలని నొక్కితే అంచు వంకర పోతుంది. మొనలు విరుచుకునే బ్లేడు అయితే మొహమాటం లేకుండా విరిచేయాలి. ఫోము బ్లేడు పదును ఎంత త్వరగా తినేస్తుందో చేసినవాళ్ళకే తెలుసు. వంపుల కోసం హీట్ గన్‌తో వేడి చేసి, మెత్తబడగానే ఇంట్లోని స్టీలు బిందె మీద బోర్లించి చల్లారేదాకా పట్టుకున్నాను. ఛాతీ వంపు పెద్ద బిందె పొట్ట మీద వచ్చింది, భుజాల వంపు చిన్న బిందె భుజం మీద. వేడికి పైనున్న గాలి రంధ్రాలు మూసుకుని ఫోము మెరుపు మారుతుంది. ఆ మెరుపు అంతటా సమంగా వచ్చాకే రంగు పట్టడానికి తయారైనట్టు లెక్క.

ఆగస్టు, ముసురు

వర్షాలు వదలడం లేదు. గమ్ము డబ్బా మూత తీయడం లేదు.

కారణం ఇది. చెప్పులవాళ్ళు, వడ్రంగులు వాడే రబ్బరు గమ్మును రెండు ముఖాలకూ పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలు పెడితే అంటనంతగా ఆరాక రెంటినీ కలిపి నొక్కాలి. ఆ ఆరడమంటే అందులోని ద్రావకం ఆవిరైపోవడం. ఆవిరయ్యేటప్పుడు అది పూసిన ముఖాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ బాగా ఉన్న రోజు ఆ చల్లని పొర మీద కంటికి కనిపించని నీరు చేరుతుంది, గమ్ము తెల్లగా మసకబారుతుంది. అప్పుడు కలిపి నొక్కినా పట్టు ఉండదు. మంచి ఎండ కాసిన మధ్యాహ్నం పది నిమిషాల్లో అయ్యే పనిని ముసురులో గంట కష్టపడి పాడుచేసుకోవడం ఎందుకు?

ఇంకో మాట. ఈ గమ్ముల్లో టోలుయీన్ లాంటి ద్రావకాలుంటాయి. వాటి ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పోతుంది. వంటింట్లో పొయ్యి వెలుగుతుండగా పక్క గదిలో తలుపులు వేసుకుని అంటించే పని పెట్టుకోకూడదు. గుడ్డ మాస్కు దుమ్ముకు పనికొస్తుందేమో గానీ ఆవిరికి పనికిరాదు, బొగ్గు ఫిల్టరు ఉన్నదే కావాలి. నేను డాబా మీదే చేస్తాను, గాలి వాలు చూసుకుని.

పలకలు ఆగిపోయాయి కనుక సూటు పని మొదలైంది.

ఆగస్టు, కొలతలు

కొలతలు టేపుతో తీయలేదు. పాత టీషర్టు, లెగ్గింగు వేసుకుని, పైన వంటింటి పల్చటి ప్లాస్టిక్ చుట్టి, దాని మీద ప్యాకింగ్ టేపు వరసగా అంటించుకున్నాను. అంటించింది అక్క. పెళ్ళికూతుర్ని చేసినంత ఓపికగా మొదలుపెట్టి, నడుము దగ్గరికి వచ్చేసరికి "ఊపిరి బిగబట్టకే, తర్వాత సూటులో ఊపిరి ఆడదు" అని కసరడం మొదలుపెట్టింది. మాట కసురుగా ఉన్నా విషయం అదే. టేపు చుట్టేటప్పుడు పొట్ట లోపలికి లాగితే ఆ అబద్ధం నమూనాలోకి వెళ్ళిపోతుంది.

టేపు మీద మార్కరుతో కుట్టు గీతలు గీసి, మోచేయి, మోకాలు, నడుము ఎక్కడ మడత పడుతున్నాయో గుర్తులు పెట్టి, కత్తెరతో వీపు వైపు నిలువునా కత్తిరించి ఒలిచేశాం. ఆ టేపు తొడుగును గీతల వెంట ముక్కలు చేస్తే నమూనా చేతికొచ్చినట్టే. దాన్ని ఖాకీ కాగితం మీదకు ఎక్కించి, చుట్టూ ఒక సెంటీమీటరు కుట్టు మార్జిన్ వదిలాను. నమూనాకు వార్తాపత్రిక వాడలేదు. పత్రిక సిరా వినైల్‌కు అంటుకుంటే పోదు. నాది నలుపే అయినా బూడిద రంగు పట్టీలు కొన్ని వేయాలి.

నిలబడి తీసిన కొలతకూ వంగినప్పటి కొలతకూ తేడా చూశాక అసలు చిక్కు అర్థమైంది. మెడ ఎముక నుంచి వీపు మీదుగా తుంటి దాకా, వంగినప్పుడు ఆ దూరం జానెడుకు కాస్త తక్కువగా పెరుగుతోంది. బట్ట సాగకపోతే ఆ జానెడు ఎక్కడి నుంచి రావాలి?

ఆగస్టు చివర, బట్ట

రెక్సిన్ అడిగితే దుకాణాల్లో ముందుగా సోఫా రకమే తీస్తారు. మందం ఎక్కువ, వెనక నేత బట్ట ఉంటుంది, ఎటూ సాగదు. బెల్టుకు, బూట్ల తొడుగుకు అది బాగుంటుంది. సూటుకు కావలసింది వెనక అల్లిక బట్ట ఉండి పైన పల్చటి పీవీసీ పొర ఉన్న రకం. దుకాణంలోనే రెండు పరీక్షలు చేశాను. మూలను గట్టిగా మడిచి గోరుతో రుద్దితే తెల్ల గీత పడిందా, ఆ తాను పక్కన పెట్టాల్సిందే. రెండోది సాగుడు. పది సెంటీమీటర్ల దూరం గుర్తు పెట్టి లాగితే అడ్డంగా పన్నెండు దాకా వచ్చింది, నిలువుగా దాదాపు కదలలేదు.

కనుక సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి. చేతికి చుట్టూ, కాలికి చుట్టూ, నడుముకు చుట్టూ. నిలువుగా సాగనందుకు వేరే ఏర్పాటు చూసుకోవాలి. ఈ ఒక్క నిర్ణయం మీదే మిగతా కుట్లన్నీ ఆధారపడ్డాయి. కాలి పొడవునా, చేతి పొడవునా వెళ్ళే కుట్టు సాగని దిక్కున వెళుతుంది కాబట్టి దానికి మామూలు తిన్నని కుట్టు చాలు. చంక చుట్టూ, మణికట్టు చుట్టూ, నడుము చుట్టూ తిరిగే కుట్టు బట్టతోపాటు సాగాలి. అక్కడ సన్నని జిగ్‌జాగ్ వేయకపోతే మొదటిసారి చెయ్యి ఎత్తగానే దారం టపటపా తెగుతుంది.

సెప్టెంబరు, అతుకు పరీక్షలు

కుట్టే ముందు మిగులు ముక్కలతో అతుకులు పరీక్షించాను. అయిదు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు రెండేసి కలిపి, పైకొస దూలానికి బిగించి, కిందికొసకు పది లీటర్ల నీళ్ళ బకెట్ వేలాడదీశాను.

గమ్ము మాత్రమే పెట్టిన పట్టీ మొదట బాగానే నిలిచింది. మర్నాడు ఎండ వేళకు మెల్లమెల్లగా జారడం మొదలైంది, సాయంత్రానికి బకెట్ నేల మీదుంది. ఇందులో గమ్ము దోషం కన్నా పీవీసీ స్వభావమే ఎక్కువ. పీవీసీ పుట్టుకతో గట్టి పదార్థం, నీళ్ళ పైపులు చేసేది దానితోనే. అది బట్టలా మెత్తగా ఉండాలంటే నూనెలాంటి ప్లాస్టిసైజర్లు కలపాలి. అవి బట్టలో కట్టుబడి ఉండవు, నెమ్మదిగా పైకి వస్తుంటాయి. వచ్చి రబ్బరు గమ్ము పొరలోకి చేరితే దాన్ని మెత్తబరుస్తాయి. ఈ రోజు పట్టిన అతుకు ఆరు నెలల తర్వాత ఊడిపోవడానికి కారణం అదే. పాలీయురేథేన్ గమ్ము దీన్ని బాగా తట్టుకుంటుంది. అయినా ఒంటి మీద లాగుడు పడే అతుకును ఏ గమ్ముకూ పూర్తిగా అప్పగించను.

వానకోట్ల అతుకులు కుట్టు లేకుండానే నిలుస్తాయి కదా అనిపించవచ్చు. వాటిని కార్ఖానాలో హై ఫ్రీక్వెన్సీ యంత్రంతో, పొరలను లోపలి నుంచే కరిగించి కలుపుతారు. ఇంట్లో వేడి గాలితో ఆ పని చేయబోతే లోపలి అతుకు కలవకముందే పైపొర ముడుచుకుపోతుంది.

దగ్గర దగ్గరగా కుట్టిన పట్టీ అన్నింటికన్నా తొందరగా పోయింది. తపాలా బిళ్ళల షీటు చినిగినట్టు, సూది పోట్ల వరస వెంట తిన్నగా. మామూలు బట్టలో సూది దారాలను పక్కకు జరిపి దిగుతుంది, వినైల్‌లో ప్రతి పోటూ శాశ్వతంగా ఉండే చిల్లు. కుట్టు ఎంత దగ్గరైతే బట్ట అంత బలహీనం. నాలుగు మిల్లీమీటర్ల కుట్టు, అంటే అంగుళానికి ఆరు పడేలా వేసిన పట్టీ బకెట్‌ను మోసింది. ఆ కుట్టు తర్వాత మార్జిన్‌ను రెండు వైపులకూ విప్పి, గమ్ముతో అణచి, పైనుంచి చెరో వరస కుట్టిన పట్టీకి రెండు బకెట్లు కట్టినా చలనం లేదు. సూటు అంతటికీ ఇదే అతుకు.

గుండు సూదులు కూడా నిషేధం. అవీ చిల్లులే. బట్టలు ఆరేసే క్లిప్పుల్లో చిన్నవి ఏరి వాడుతున్నాను.

సెప్టెంబరు, సీటు కవర్ల మేస్త్రి గారి దగ్గర

మా వీధి చివర కార్లకు, ఆటోలకు సీటు కవర్లు కుట్టే మేస్త్రి గారున్నారు. పరీక్ష పట్టీలు పట్టుకెళ్ళి చూపించాను. పట్టీని రెండు చేతులా లాగి, అతుకును తిరగేసి వెలుతురుకు పెట్టి చూసి, "అతుకు బాగుందమ్మా. కానీ సీటు కవరుకు సీటు కదలదు. నీది కదులుతుంది కదా, చివర్లు ఎట్లా వేశావు?" అన్నారు.

చివర్లంటే కుట్టు మొదలూ కొసా. బట్టల మిషను మీద అందరం చేసే పనే, కొసన వెనక్కి ముందుకీ రెండు పోట్లు వేసి ఆపడం. ఆయన తల అడ్డంగా ఊపారు. అవే చిల్లుల్లో, వాటి పక్కనే మళ్ళీ చిల్లులు పడితే చిరగడం అక్కడే మొదలవుతుందట. ఆయన పద్ధతి వేరు. కొసన దారం బెత్తెడు వదిలి, పైదారాన్ని కిందికి లాగి, రెంటినీ ముడివేసి, ముడి మీద గమ్ము చుక్క. అంతే.

తర్వాత ఆయన చేసి చూపించిందే నాకు బాగా పనికొచ్చింది. వంపు ముక్క ఒకటి తీసుకుని, కుట్టాక మార్జిన్‌లో చిన్న త్రికోణాలు కత్తిరించి, గమ్ము పూసి వేలితో విప్పారు. ఒళ్ళో ఉన్న చెక్క దిమ్మ మీద ఆ అతుకు పెట్టి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో మధ్య నుంచి పక్కలకు, పక్కలకు, చిటికెల్లా కొట్టుకుంటూ పోయారు. దెబ్బలో బలమేమీ లేదు. లేచి నిలబడిన అతుకు ఆ దిమ్మ మీద కళ్ళ ముందే అణిగి చదునైపోయింది. గోరు పెట్టి చూస్తే మెట్టు తగల్లేదు. నేను ఇంట్లో అప్పడాల కర్రతో రుద్దుతున్న పని అది. కర్రకు ఆ పట్టు లేదు.

కాళ్ళు కలిసే చోటుకు, చంకలకు నాడా వేయమని కూడా చెప్పారు. సాగని సన్నటి నేత పట్టీని అతుకులో కలిపి కుడితే లాగుడంతా అది మోస్తుంది, వినైల్ మోయదు. డబ్బులు ఇవ్వబోతే "మిషనుకు ఎక్కించినప్పుడు తీసుకుంటాలే తల్లీ" అన్నారు. ఎక్కించే పని వచ్చింది కూడా. బెల్టుకు మూడు పొరల సోఫా రెక్సిన్ కలిసే చోట మా మిషను మొరాయిస్తే ఆయన దగ్గరే కుట్టించాను.

అక్టోబరు, కుట్టు

అక్క దగ్గరున్న జిగ్‌జాగ్ మిషను తెచ్చుకున్నాను. తోలుకు వాడే 16 నంబరు సూది, పాలియెస్టర్ దారం. నూలు దారం చెమటకు నిలవదు. పెద్ద ఇబ్బంది మిషను పాదంతో వచ్చింది. వినైల్ ముఖం పైకి ఉంటే పాదం దానికి అతుక్కుని కదలదు, కింది పొర మాత్రం పళ్ళ మీద ముందుకు పోతుంటుంది. రెండు పొరలూ చివర కలవవు. టెఫ్లాన్ పాదం దొరికితే హాయి. దొరికేదాకా వినైల్ మీద సన్నటి బటర్ పేపరు పట్టీ పరిచి దాని మీదుగా కుట్టి, తర్వాత చించేశాను. కాగితం సూది పోట్ల వెంట శుభ్రంగా ఊడివస్తుంది.

ముందు మోచేతులు. చెయ్యి చాచినప్పుడు సరిపోయే గొట్టం మడిచినప్పుడు లోపలి వైపు ముడతల కట్టగా మారి, బయటి వైపు బిగుసుకుంటుంది. అందుకని చేతి నమూనానే కొంచెం మడిచిన భంగిమలో కోశాను. మోచేయి బయటి వైపు పక్కటెముకల్లాంటి గీతల ముక్క ఒకటి పెట్టాను. వినైల్ వెనక 2 మిల్లీమీటర్ల ఫోము సన్న పట్టీలుగా అంటించి, పట్టీకీ పట్టీకీ మధ్య కుట్టు వేస్తే వరసగా గట్లు లేస్తాయి. చెయ్యి మడిస్తే గట్ల మధ్య సందులు తెరుచుకుని పొడవు పెరుగుతుంది, చాపితే మూసుకుంటాయి. యంత్రంలా కనిపించడం అదనపు లాభం. మోకాళ్ళకూ ఇదే, నడుము వెనకా ఇదే. వంగినప్పుడు కావలసిన ఆ జానెడు పొడవు నడుము వెనక గట్ల ముక్కలోంచే వచ్చింది.

చంకల్లో పాత లాల్చీల్లో పెట్టే పద్ధతిలో చదరపు ముక్క. కాళ్ళ మధ్యన కూడా అదే, కాస్త పొడవుగా. నాలుగు అతుకులు ఒకే బిందువులో కలిస్తే ఆ బిందువు చినిగిపోతుంది. మధ్యన ముక్క పెడితే లాగుడు నాలుగు మూలలకు పంచుకుంటుంది. గొంతుకూర్చుని లేవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

అక్టోబరు, దసరా తర్వాత: పైభాగం, కిందిభాగం కలపడం

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువగా ఆలోచించిన అతుకు ఇదే.

మెడ నుంచి మడమ దాకా ఒకే ముక్కగా సూటు కుడితే చూడడానికి బాగుంటుంది. తొడుక్కున్న మనిషి బాత్రూముకు వెళ్ళాలంటే కవచమంతా విప్పాలి. ఆ ఫోటోలు చూసి ముచ్చటపడేవాళ్ళు ఈ సంగతి అడగరు, వేసుకునేవాళ్ళు చెప్పరు. కనుక రెండు ముక్కలే. అయితే రెండు ముక్కలైతే వంగినప్పుడు వెనక పై అంగీ లేచి నడుము కనిపిస్తుంది.

దీనికి జవాబు మోటారు సైకిలు నడిపేవాళ్ళ దగ్గర ఎప్పటి నుంచో ఉంది. రైడింగ్ జాకెట్టుకూ ప్యాంటుకూ వెనకవైపు జిప్పు పెట్టి కలుపుతారు. పడినప్పుడు జాకెట్టు పైకి లేచి వీపు గీరుకుపోకుండా ఉండాలని. కొన్నిటికి చుట్టూ జిప్పు, కొన్నిటికి వెనకవైపు మాత్రమే. చుట్టూ పెడితే నాకు కుదరదు. జిప్పు సాగదు, నడుము సాగకపోతే ప్యాంటు తుంటి దాటి పైకి రాదు. అందుకే ఒక పక్క పలక కింద మొదలై, వీపు మీదుగా రెండో పక్క పలక కింద ఆగే సగం జిప్పు వేశాను. జాకెట్లకు వాడే, రెండు వైపులూ పూర్తిగా విడిపోయే 5 నంబరు జిప్పు. ముందువైపు పై అంగీ ప్యాంటు మీదకు నాలుగు వేళ్ళు దిగుతుంది, దాని మీద బెల్టు. ప్యాంటుకు ముందు తన జిప్పు తనకుంది.

సాగే బట్టకు సాగని జిప్పు కుట్టడంలో ఉన్న తంటా అంతా అలల దగ్గరే. కుట్టేటప్పుడు బట్ట కొంచెం సాగినా, కుట్టయ్యాక జిప్పు పాములా మెలికలు తిరుగుతుంది. ముందుగా ఆ అంచు పొడవునా వెనకవైపు నాడా అంటించి బట్టను సాగకుండా కట్టేశాను. తర్వాత జిప్పు మూసి, రెండు పక్కలా బట్ట మీదా జిప్పు పట్టీ మీదా ఎదురెదురుగా సుద్ద గీతలు పెట్టాను, వీపు మధ్యన పెద్ద గీత, అటూ ఇటూ చిన్నవి. అప్పుడు జిప్పు విప్పి ఒక్కో వైపు కుట్టుకుంటూ, ప్రతి గీత దగ్గరా ఆగి రెండూ కలిశాయా అని చూశాను. గీతలు కలవకుండా చివరిదాకా కుట్టి తర్వాత లాగి సర్దుదామంటే వినైల్ ఒప్పుకోదు. విప్పిన కుట్టు చిల్లులు కళ్ళ ముందే ఉంటాయి.

జిప్పు వేసి అక్క ఎదురుగా నేల మీద పెన్ను పడేసి తీశాను. నడుము వెనక గట్లు తెరుచుకున్నాయి, జిప్పు కదల్లేదు. "ఇంకోసారి" అంది. ఇంకోసారి తీశాను. "సరే, మరి కూర్చో" అంది. కూర్చోవడం కూడా అయింది.

నవంబరు, పలకలు సూటు మీదకు

ఈలోగా ఎండ వచ్చింది, పలకలు పూర్తయ్యాయి. రంగుల సంగతి క్లుప్తంగా: నీళ్ళు కలిపిన తెల్ల ఫెవికాల్ పల్చటి పూతలు, పైన నల్ల అక్రిలిక్, ఆపైన వెండి రంగును దాదాపు ఆరిన కుంచెతో అంచుల మీద మాత్రమే. వంగే పలకకు గట్టిగా బిగుసుకునే రంగులు వేస్తే మొదటి వంపుకే పగులుతాయి.

సూటుకు పలకలు తగిలించడంలో నా నియమం ఒకటే, బరువు వినైల్ మీద పడకూడదు. ఛాతీ, వీపు పలకలు భుజాల మీది పట్టీల నుంచి వేలాడతాయి, పక్క పలకలు వాటికి బకిల్సుతో తగులుకుంటాయి, పాత చార్ ఆయినాలో ఉన్నట్టే. తొడ పలకలు బెల్టు నుంచి దిగుతాయి. సూటుకు ఉన్న టిచ్ బటన్లు పలక పక్కకు జరగకుండా పట్టుకోవడానికి మాత్రమే. ప్రతి బటన్ వెనకా సంచుల పట్టీ ముక్క ఒకటి అంటించి, చుట్టూ కుట్టి, అప్పుడు చిల్లు పొడిచాను. వినైల్‌కు నేరుగా బిగిస్తే ఒక్క లాగుడుకు బటన్ చుట్టూ బట్ట ఊడి వస్తుంది. పొడవడానికి చెప్పులు కుట్టే ఆరె వాడాను. చిల్లు గుండ్రంగా, బటన్ కాడ కంటే కాస్త చిన్నగా ఉండాలి.

ప్లాస్టిసైజర్ల బెడద ఇక్కడ కూడా ఉంది. వినైల్‌కు రంగు వేసిన అంచు గంటల తరబడి ఒత్తుకుని ఉంటే రంగు మెత్తబడి జిగురవుతుంది, రెండూ అంటుకుంటాయి. పలకల అంచుల లోపలి వైపున ఫెల్ట్ గుడ్డ పట్టీలు అంటించాను. కీచు శబ్దం కూడా దాంతో తగ్గింది. నడిచేటప్పుడు తొడలు రాసుకుని వచ్చే శబ్దానికి మాత్రం ఫెల్ట్ ఏమీ చేయలేదు. దానికి కొంచెం టాల్కం పౌడరు.

నవంబరు, పూర్తి వేషం

మొదటిసారి అంతా తొడుక్కుని మెట్లు దిగి, వీధి చివరిదాకా నడిచి, మేస్త్రి గారికి చూపించి వచ్చాను. ఆయన పలకల వంక పెద్దగా చూడలేదు. మోచేయి మడవమని, వెనక్కి తిరగమని, నడుము జిప్పు మీద వేలితో రాసి చూసి, "కుడి పక్క నాడా కొంచెం బిగిసింది, చూసుకో" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే నిజమే, ఒక అంగుళం మేర చిన్న ముడత. విప్పను. అది పక్క పలక కింద ఉంది.

తూకం వేస్తే ఫోము కవచానికీ వినైల్ సూటుకూ పెద్ద తేడా లేదు. తొడుక్కుంటే బరువు తెలియదు, వేడి తెలుస్తుంది. పీవీసీ గాలిని పోనివ్వదు, చెమట ఆరదు. పక్క పలకల కింద, చంకల వెనక, మోకాళ్ళ వెనక వినైల్ కత్తిరించి నల్ల జాలీ బట్ట వేశాను. పక్క పలకల కింద ఉన్నదైతే బయటికి కనిపించదు. వీపు పలక లోపల చిన్న బ్యాటరీ ఫ్యాను ఒకటి, దాని గాలి పైకి మెడ దగ్గర బయటికి పోతుంది. అయినా గంటకోసారి జిప్పు తీసి కూర్చోవడం, నీళ్ళలో ఓఆర్ఎస్ కలుపుకుని తాగడం తప్పనిసరి అని నిర్ణయించుకున్నాను.

విప్పాక తిరగేసి, లోపలి అల్లిక బట్టను సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి నీడలో ఆరేయాలి. ఇస్త్రీ పెట్టె దగ్గరకు రానివ్వకూడదు. డ్రైక్లీనింగుకు ఇస్తే ద్రావకాలు ప్లాస్టిసైజర్లను లాగేస్తాయి, తిరిగి వచ్చేది అట్ట. మడతపెట్టి బీరువాలో దాచినా మడతల దగ్గర పగులుతుంది కనుక వెడల్పు హ్యాంగరుకు తగిలిస్తున్నాను.

మిగిలిన పనులు: చేతి తొడుగులు, శిరస్త్రాణం, మెడ పట్టీ. తొడుగులకు నమూనా తయారైంది. మెడ పట్టీకి జిప్పు ముందు పెట్టాలా వెనక పెట్టాలా అన్నది ఈ వారం తేలాలి. వెనక అయితే ముందు నున్నగా ఉంటుంది, ముందు అయితే నా చేతికి అందుతుంది. అక్క వెనకే పెట్టమంటోంది. కామిక్ కాన్ హాలులో దాన్ని తీసిపెట్టడానికి తను వస్తానని మాత్రం ఇంకా మాటివ్వలేదు.